పసిబిడ్డ బాధకు దోషి ఎవరు?

డైపర్ కట్టే పసిబిడ్డకు వచ్చే మామూలు ఒరుపు వేరు, ఈస్ట్ అనే ఫంగస్ వల్ల వచ్చే దద్దురు వేరు. మామూలు ఒరుపు డైపర్ తగిలే చోట్ల, అంటే పిర్రల మీద, తొడల పైభాగాన ఎర్రగా వస్తుంది. చర్మం మడతల లోపలికి సాధారణంగా పోదు. ఈస్ట్ దద్దురు సరిగ్గా ఆ మడతల్లోనే మొదలవుతుంది. గజ్జలు పచ్చిపుండులా ఎర్రబడతాయి. అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. ఆ అంచు దాటాక కూడా చుట్టూ అక్కడొకటి ఇక్కడొకటి చిన్న ఎర్ర పొక్కులు లేస్తాయి. ఒళ్లు తుడవబోతే బిడ్డ కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. ఎన్నిసార్లు మామూలు క్రీము రాసినా మానదు. మానినట్టే మాని, వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది.

డబ్లిన్‌లోనో, కార్క్‌లోనో, గాల్వేలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు దంపతుల ఇంట్లో ఇలా జరిగితే ఆ రాత్రికే ఊరికి వీడియో కాల్ వెళ్తుంది. అటువైపు నుంచి ప్రశ్నలు వరసగా వస్తాయి. "ఏం తిన్నావే? పచ్చడి గానీ వేసుకున్నావా?" "బారసాలకు వచ్చినవాళ్లలో ఎవరి కళ్లు పడ్డాయో, దిష్టి తీశావా?" "నక్షత్రానికి శాంతి చేయించమంటే అల్లుడుగారు వినలేదాయె." అడిగేవాళ్లంతా ప్రేమతోనే అడుగుతున్నారు. ఆ ప్రేమలో సందేహం లేదు. అయినా ప్రతి ప్రశ్నకూ ఒక దోషి కావాలి. సాధారణంగా ఆ దోషి తల్లే అవుతుంది.

చూడటానికి ఇది చిన్న విషయం. ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు, సరైన మందు పడితే చాలామంది పిల్లల్లో వారం పది రోజుల్లో మానిపోతుంది. కానీ దీని అడుగున మతాలన్నీ తలపట్టుకున్న ప్రశ్న ఒకటి ఉంది. ఏ పాపమూ ఎరగని బిడ్డకు బాధ ఎందుకు? పెద్దవాడు బాధపడితే వాడు చేసుకున్నదని సరిపెట్టుకోవచ్చు. నెలల పసికందు ఏం చేసింది?

ఈ ప్రశ్న మీద పదహారు వందల ఏళ్ల కిందట రోమన్ సామ్రాజ్యంలో పెద్ద వాదమే నడిచింది. పెలేజియస్ అనే సన్యాసి, పుట్టిన బిడ్డ ఏ కళంకమూ లేకుండా పుడుతుందని, ఆదాము చేసిన తప్పు దానికి అంటదని అన్నాడు. ఆయన బ్రిటన్ నుంచి వచ్చాడనేది ఎక్కువమంది మాట. అదే కాలపు పండితుడు జెరోమ్ మాత్రం ఆ పక్షాన్ని ఐరిష్ గంజి తాగి బలిసినవాళ్లంటూ ఎత్తిపొడిచాడు. దాన్నిబట్టి పెలేజియస్ మూలాలు ఐర్లండ్‌లో ఉన్నాయని అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఎదుటి పక్షాన ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్ అగస్టీన్ నిలిచాడు. దేవుడు న్యాయవంతుడు, అయినా పసిపిల్లలు జబ్బులతో విలవిలలాడుతున్నారు, కాబట్టి వారసత్వంగా వచ్చిన పాపం వాళ్లలో ఉండి తీరాలన్నది ఆయన తర్కం. ఇటలీలోని ఎక్లానుమ్ బిషప్ జూలియన్ దాన్ని ఎదిరించాడు. అప్పుడే పుట్టిన బిడ్డను శిక్షించే దేవుణ్ణి న్యాయవంతుడని ఎలా అంటామని అడిగాడు. 418లో కార్తేజ్‌లో చేరిన బిషప్పుల సభ పెలేజియస్ బోధను ఖండించింది. 430లో అగస్టీన్ కన్నుమూసేనాటికి జూలియన్‌కు రాస్తున్న జవాబు ఇంకా పూర్తికాలేదు.

సభ ఖండించింది గానీ ఐర్లండ్ మఠాల్లో పెలేజియస్ రాతలను పక్కన పారేయలేదు. ఎనిమిదో శతాబ్దంలో ఐరిష్ సన్యాసులు పౌలు లేఖల పక్కన తమ భాషలో రాసుకున్న వివరణలు నేటికీ జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో పెలేజియస్ పేరు పదేపదే కనిపిస్తుంది.

అయినా జనజీవితంలో గెలిచింది అగస్టీన్ తర్కమే. ఆ వారసత్వ పాపాన్ని కడిగే జ్ఞానస్నానం కాకుండా చనిపోయిన బిడ్డకు పవిత్ర శ్మశానంలో చోటు లేదనే ఆచారం ఐర్లండ్‌లో ఇరవయ్యో శతాబ్దం దాకా నడిచింది. అలాంటి బిడ్డల్ని పొలాల గట్ల మీద, పాడుబడిన చర్చిల పక్కన, సముద్రపు ఒడ్డున విడిగా పూడ్చేవారు. ఆ చోట్లను కిల్లీన్ అంటారు. దేశమంతటా వెయ్యికి పైగా గుర్తించారు. తండ్రో, బంధువో చీకటిపడ్డాక చిన్న పెట్టె చంకన పెట్టుకుని వెళ్లి పూడ్చి వచ్చేవారని పెద్దలు చెప్పుకునేవారు. జ్ఞానస్నానం లేకుండా పోయిన పిల్లలకు మోక్షం ఉంటుందని ఆశించడానికి గట్టి ఆధారాలే ఉన్నాయని వాటికన్‌కు చెందిన అంతర్జాతీయ వేదాంత సంఘం 2007లో ప్రకటించింది. ఆ మాట వినాల్సిన తల్లుల్లో చాలామంది అప్పటికే లేరు. బాధకు దోషం అంటగట్టే ఆలోచన ఎక్కడిదాకా పోగలదో తెలుసుకోవాలంటే ఐర్లండ్ నేల మీద ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి.

మన దగ్గరా ఇలాంటి లెక్క ఉంది. బాలారిష్టాల గురించి చెప్పే జ్యోతిష గ్రంథాలు పన్నెండేళ్ల బాల్యాన్ని మూడు భాగాలు చేస్తాయి. మొదటి నాలుగేళ్లలో బిడ్డకు వచ్చే కీడు తల్లి పాపం వల్ల, తర్వాతి నాలుగేళ్లలో తండ్రి పాపం వల్ల, చివరి నాలుగేళ్లలో స్వయంకృతం. డైపర్ వయసు మొత్తం తల్లి ఖాతాలోనే పడుతుంది. ఆ గ్రంథాల పేర్లు తెలియని ఇళ్లలోనూ ఈ తీర్పు అమల్లో ఉంది. "వేడి చేసే తిండి తిన్నావు" అన్నా, "పథ్యం తప్పావు" అన్నా అదే తీర్పు.

అయితే సుశ్రుత సంహిత తెరిస్తే మరో దారి కనిపిస్తుంది. ఆ గ్రంథం ఉత్తర తంత్రంలో పిల్లల్ని పట్టి పీడించే తొమ్మిది గ్రహాల మీద అధ్యాయాలే ఉన్నాయి. జ్వరం, కక్కు, ఉలికిపాటు లాంటివి ఆ గ్రహాల పని అని, వాటికి బలులూ స్నానాలూ చెప్తుంది. కానీ పసిబిడ్డ ముడ్డి దగ్గర దురద పుట్టి, పొక్కులు లేచి, చీము కారే వ్యాధి దగ్గరకొచ్చేసరికి దాన్ని గ్రహాల జాబితాలో చేర్చలేదు. అహిపూతన అని పేరు పెట్టి నిదాన స్థానంలో, చిన్న రోగాల వరసలో రాసింది. కారణం కూడా సూటిగా చెప్పింది. మలమూత్రాలు అంటిన చోటు కడగకపోవడం, చెమట పట్టిన బిడ్డకు స్నానం చేయించకపోవడం. చికిత్సలో కషాయాలతో కడగడం, పూత వేయడం ఉన్నాయి. పూర్వజన్మ ఊసు లేదు. గ్రహాలను నమ్మిన ఆ వైద్యుడే, కంటికి కనిపించే కారణం ఉన్నచోట గ్రహాన్ని పిలవలేదు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలోనూ ఇలాంటి మలుపే ఉంది. పుట్టుగుడ్డిని చూసి శిష్యులు యేసును అడుగుతారు, ఇతడు ఇలా పుట్టడానికి పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని. ఇద్దరూ కాదని ఆయన జవాబు. దేవుని పని ఇతనిలో వెల్లడి కావడానికని చెప్పి, వెంటనే నేల మీద ఉమ్మి, మట్టి తడిపి, ఆ కళ్ల మీద పూసి, వెళ్లి కడుక్కోమంటాడు. దోషి ఎవరన్న ప్రశ్నను పక్కకు తోసి చేతులకు పని చెప్పిన సన్నివేశం అది. బౌద్ధంలో మజ్ఝిమ నికాయంలోని మాలుంక్యపుత్తుడి కథ కూడా అటువైపే నడుస్తుంది. విషపు బాణం గుచ్చుకున్నవాడు, దాన్ని వేసినవాడి కులం, ఊరు, ఒంటిరంగు తెలిస్తేగానీ బాణం పీకనివ్వనంటే చచ్చిపోతాడని బుద్ధుడు చెప్తాడు.

ఇక్కడ కారణానికీ దోషానికీ ఉన్న తేడా గట్టిగా పట్టుకోవాలి. ఎందుకొచ్చిందని అడగడం తప్పు కాదు. అడగకపోతే వైద్యమే లేదు. కారణం తెలిస్తే రేపు చేయాల్సిన పని మారుతుంది. దోషం తెలిస్తే నిన్న జరిగినదాని మీద ఏడుపు మిగులుతుంది. తల్లి తిన్న పచ్చడి ఈ దద్దురుకు కారణమని తేల్చిన వైద్యశాస్త్రం లేదు. తేల్చిన కారణాలు వేరే ఉన్నాయి.

కాండిడా అల్బికాన్స్ అనే ఈస్ట్ ఆరోగ్యవంతుల నోట్లో, పేగుల్లో ఏ హానీ చేయకుండా బతుకుతుంది. బిడ్డకు అది చుట్టుపక్కలవాళ్ల నుంచి, తల్లి నుంచి సహజంగానే వస్తుంది. ఇందులో ఎవరి అశుభ్రతా లేదు. డైపర్ లోపల వెచ్చదనం, తడి, గాలి ఆడకపోవడం మూడూ కలుస్తాయి. మూత్రం చర్మంపై ఉండే ఆమ్లగుణాన్ని తగ్గిస్తుంది. అప్పుడు మలంలోని ఎంజైములు చురుకెక్కి చర్మపు పైపొరను తినేస్తాయి. ఆ సందులోంచి ఈస్ట్ లోపలికి దిగుతుంది. చెవి నొప్పికో, దగ్గుకో బిడ్డకు యాంటీబయోటిక్ పడితే పేగుల్లో ఈస్ట్‌ను అదుపులో పెట్టే బ్యాక్టీరియా తగ్గిపోతుంది. అందుకే కోర్సు అయ్యాక దద్దురు రావడం తరచూ చూస్తాం. మొండిగా తిరగబెట్టడానికీ కారణాలున్నాయి. నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లపూత ఉంటే ఈస్ట్ పైనుంచి కిందకు దిగుతూనే ఉంటుంది. పాలిచ్చే తల్లి చనుమొనలకూ అది సోకుతుంది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి మందు వాడాలి. తరచూ జరిగే పొరపాటు, ఎరుపు తగ్గగానే మందు ఆపేయడం.

ఇంట్లో చేయాల్సింది కష్టమైన పని కాదు గానీ ఓపిక కావాలి. డైపర్ తడిసిన వెంటనే మార్చాలి, రాత్రి కూడా. సువాసన ఉన్న వైప్స్ మాని, గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితోనో మెత్తటి గుడ్డతోనో తుడవాలి. రుద్దకూడదు, అద్దాలి. గజ్జల మడత రెండు వేళ్లతో విప్పి లోపలి తడి కూడా ఆరనివ్వాలి. చాలా ఇళ్లలో తప్పిపోయేది ఇక్కడే, పైన ఆరితే ఆరిందనుకుంటారు. రోజులో కొన్నిసార్లు టవల్ మీద పడుకోబెట్టి డైపర్ లేకుండా వదిలేయాలి. ఐర్లండ్ చలికాలంలో గది వెచ్చగా ఉంచి అయినా ఈ పని చేయాలి. గుడ్డ న్యాపీలు వాడేవాళ్లు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. అక్కడి తేమ వాతావరణంలో అవి పూర్తిగా ఆరాయో లేదో చూసి మరీ కట్టాలి.

మందు విషయానికొస్తే, క్లోట్రిమజోల్ లాంటి యాంటీఫంగల్ క్రీము పలచగా రోజుకు రెండు మూడు సార్లు మడతల్లోకి వెళ్లేలా రాయాలి. ఐర్లండ్‌లో ఫార్మసిస్టును అడిగితే బిడ్డ వయసు కనుక్కుని ఏది వాడాలో, మానిన తర్వాత ఇంకా ఎన్ని రోజులు రాయాలో చెప్తారు. 1931లో డబ్లిన్ ఫార్మసిస్టు థామస్ స్మిత్ తయారుచేసిన సుడోక్రెమ్ ఐరిష్ ఇళ్లలో తరతరాలుగా ఉంది. అందులోని జింక్ ఆక్సైడ్ తడి తగలకుండా చర్మాన్ని కాపాడుతుంది. మామూలు ఒరుపుకు అది మంచి మందే. ఈస్ట్‌ను చంపడం దాని పని కాదు. దాన్ని దట్టంగా పట్టించి పైన యాంటీఫంగల్ రాస్తే అసలు మందు చర్మానికి చేరదు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలైతే ఫంగస్ తగ్గేదాకా ఇలాంటి పూత క్రీములే వద్దంటాయి.

ఊరి నుంచి మన పెట్టెల్లో వచ్చే వాటి గురించీ చెప్పుకోవాలి. పసుపు, నలుగుపిండి, టాల్కం పౌడరు మడతల్లో చేరి తడితో ముద్దకడతాయి. పౌడరు బిడ్డ ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. వీటికన్నా ప్రమాదం మన ఊళ్ల మందుల షాపుల్లో చీటీ లేకుండా దొరికే, స్టిరాయిడ్, యాంటీబయోటిక్, యాంటీఫంగల్ మూడూ కలిపిన ట్యూబు. అది రాసిన మర్నాడే ఎరుపు తగ్గుతుంది, అందుకే ఊరి నుంచి నాలుగు ట్యూబులు తెప్పించుకుంటారు. స్టిరాయిడ్ వాపును అణుస్తుంది, ఈస్ట్ మాత్రం అడుగున పెరిగే వీలుంటుంది. పైగా డైపర్ బిగుతు కింద పల్చటి పసిచర్మం ఆ మందును ఎక్కువగా పీల్చుకుంటుంది. ఘాటైన స్టిరాయిడ్ వారాల తరబడి రాస్తే చర్మం పలచబడటమే కాదు, శరీరపు హార్మోన్ల పనే దెబ్బతినవచ్చు. వైద్యులు చూసి చెప్పకుండా అది వాడకూడదు.

ఇంత చెప్పాక ఆచారాల మాటేమిటి? ఐర్లండ్‌కూ వాటి చరిత్ర ఉంది. 1937 నుంచి 1939 వరకు దాదాపు ఐదు వేల ప్రాథమిక పాఠశాలల పిల్లలు తమ ఊరి పెద్దల్ని అడిగి జానపద విషయాలు రాసిపెట్టారు. ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ నడిపించిన ఆ సేకరణలో నోటి పూతకు, అంటే ఇదే ఈస్ట్ నోట్లో చేసే జబ్బుకు, చెప్పిన వైద్యాలు కనిపిస్తాయి. తండ్రి చనిపోయాక పుట్టినవాడు, తండ్రి ముఖం ఎన్నడూ చూడనివాడు, బిడ్డ నోట్లోకి ఊదితే తగ్గుతుందని నమ్మారు. పరగడుపున ఉన్న మగబాతు చేత బిడ్డ నోట్లోకి ఊదించడం ఇంకొకటి. పల్లెల్లో ఇలాంటి వైద్యం చేతిలో ఉన్నవాళ్లు డబ్బు తీసుకోరు, కృతజ్ఞతలు కూడా చెప్పించుకోరు. పచ్చకామెర్లకు పసరు పోసి పైసా ముట్టని మన పెద్దలు తెలుగు పాఠకులకు కొత్త కాదు.

ఊదితే ఈస్ట్ పోదు. ఆ నమ్మకం మందులా పనిచేయదు. కానీ ఒక్క మంచి సంగతి అందులో ఉంది. తండ్రి లేకుండా పుట్టడం ఒక లోటు, కొన్ని సమాజాల్లో అపశకునం. "పుడుతూనే తండ్రిని మింగాడు" అనే క్రూరమైన మాట మన ఊళ్లలో విన్నదే. ఐరిష్ పల్లెలు అదే బిడ్డకు ఇతరుల బాధ తీర్చే శక్తి ఉందని నమ్మి, ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకున్నాయి. దోషం వేయగలిగిన చోట గౌరవం ఇచ్చాయి. మన ఇళ్లలో ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీయడంలోనూ బిడ్డ చుట్టూ నలుగురు చేరి మేమున్నామని చెప్పే మంచితనం ఉంది. దానివల్ల యాంటీఫంగల్ ఆగిపోనంతవరకు, కోడల్నో పక్కింటామెనో నిందించనంతవరకు అందులో అభ్యంతరం అక్కర్లేదు. మిరపకాయల పొగ మాత్రం బిడ్డకు దూరంగా పోవాలి.

ఈ జబ్బుకు తొలి గట్టి మందు ఎలా వచ్చిందో చూస్తే, ప్రశ్నను సరిగా అడగడమంటే ఏమిటో తెలుస్తుంది. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఎలిజబెత్ హేజన్ సూక్ష్మజీవుల శాస్త్రవేత్త, రేచల్ బ్రౌన్ రసాయన శాస్త్రవేత్త. ఒకరు న్యూయార్క్ నగరంలో, మరొకరు ఆల్బనీలో. హేజన్ రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి, ఫంగస్‌ను అణిచే జీవుల కోసం వెతికేది. దొరికినవాటిని గాజు సీసాల్లో పోస్టులో పంపితే, బ్రౌన్ వాటిలోంచి మందును వేరుచేసి తిరిగి పంపేది. వర్జీనియాలో హేజన్ స్నేహితుల పాడి పొలం మట్టిలో వాళ్లు కోరింది దొరికింది. 1950లో ప్రకటించిన ఆ మందే నిస్టాటిన్. పసిపిల్లల నోటి పూతకు చుక్కలుగా, దద్దురుకు పూతగా నేటికీ వాడుతున్నారు. దానిమీద రాయల్టీగా వచ్చిన కోటీ ముప్ఫై లక్షల డాలర్లకు పైగా సొమ్ములో ఇద్దరూ తమ కోసం ఏమీ ఉంచుకోలేదు, అంతా శాస్త్ర పరిశోధనకే ఇచ్చేశారు.

ఆస్తికుడు ఇక్కడ ఒక మాట అడగవచ్చు. కారణం చెప్పినంత మాత్రాన బిడ్డకే ఎందుకు అన్న ప్రశ్న తీరిపోయిందా? తీరలేదు. చర్మం ఎందుకు చిట్లిందో చెప్పగలం గానీ, బాధ అనేది లోకంలో అసలు ఎందుకుందో ఈ వ్యాసం చెప్పలేదు, ఏ ప్రయోగశాలా చెప్పలేదు. ఆ ప్రశ్నతో దేవుడి ముందు కూర్చునే హక్కు ప్రతి తల్లికీ ఉంది. దానికి జవాబు దొరికే వరకు తల్లిని బోనులో నిలబెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. బిడ్డనే దేవుడిగా, దేవుణ్ణే బిడ్డగా ఊయలలో వేసి జోలపాడిన సంప్రదాయం మనది. అర్ధరాత్రి లేచి, చలికి వణుకుతూ నీళ్లు వెచ్చచేసి, మడత విప్పి ఆరబెట్టే ఆ తల్లి చేస్తున్నది కైంకర్యమే. ఆ వేళ ఆమెకు కావాల్సింది ఇంకో జత చేతులు. తండ్రి లేచి తర్వాతి డైపర్ తాను మార్చాలి. ఊళ్లో ఉన్న అమ్మమ్మ, నానమ్మ ధైర్యం చెప్పాలి.

ఇంటి వైద్యానికి హద్దు కూడా తెలిసి ఉండాలి. యాంటీఫంగల్ సరిగా రాస్తున్నా రెండు మూడు రోజుల్లో ఏ మార్పూ లేకపోతే, నీటి బుడగలు గానీ చీము గానీ కనిపిస్తే, రక్తం కారితే, దద్దురు పొట్ట మీదికో వీపు మీదికో పాకితే, జ్వరం వస్తే, బిడ్డ పాలు తాగడం తగ్గిస్తే జీపీకి, అంటే కుటుంబ వైద్యునికి, చూపించాలి. మూడు నెలల్లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం ఉంటే ఏ మాత్రం ఆలస్యం చేయకూడదు. మళ్లీ మళ్లీ వచ్చే దద్దురు ఒక్కోసారి సోరియాసిస్ కావచ్చు, బ్యాక్టీరియా కావచ్చు, అరుదుగా జింక్ లోపమో రోగనిరోధక శక్తి లోపమో కావచ్చు. అది వీడియో కాల్‌లో తేలేది కాదు. ఐర్లండ్‌లో నివాసం ఉంటున్న పిల్లలకు 2015 నుంచి ఆరేళ్లలోపు, 2023 నుంచి ఎనిమిదేళ్లలోపు జీపీ దగ్గర చూపించుకోవడం ఉచితం, పేరు నమోదు చేసుకుంటే చాలు. ప్రసవమయ్యాక ఇంటికి వచ్చే పబ్లిక్ హెల్త్ నర్సును కూడా అడగవచ్చు. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ప్రతి ట్యూబూ, ఊరి నుంచి వచ్చినవి సహా, సంచిలో వేసుకుని వెళ్లాలి. ఈమధ్య బిడ్డకు యాంటీబయోటిక్ ఏదైనా పడిందేమో చెప్పాలి. నోటి లోపల, తల్లి చనుమొనలు కూడా చూడమని అడగాలి.